కొత్త ఫోన్‌కి పౌచ్ వేయకముందే బిల్డ్ క్వాలిటీ ఎలా చూసుకోవాలి?

కొత్త ఫోన్ కొనగానే మనం చేసే మొదటి పని దాన్ని కప్పేయడం. షాపులో బిల్లు చేతికి వచ్చేలోపే కుర్రాడు టెంపర్డ్ గ్లాస్ అంటించి, పౌచ్ తొడిగి ఇచ్చేస్తాడు. ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా అంతే, ఫోన్‌తో పాటే పౌచ్ కూడా ఆర్డర్ పెట్టేస్తాం. ఇక ఆ తర్వాత రెండు మూడేళ్ల దాకా ఫోన్ అసలు బాడీ ఎలా ఉంటుందో మనకే గుర్తుండదు. ఎక్కడైనా అతుకు సరిగ్గా కూర్చోకపోయినా, ఫ్రేమ్ మీద నొక్కు ఉన్నా, బయటపడేసరికి రీప్లేస్‌మెంట్ గడువు దాటిపోయి ఉంటుంది.

అందుకే షాపులో అయితే ఆ కుర్రాణ్ని "ఒక్క అరగంట ఆగు తమ్ముడూ" అనండి. ఇంట్లో అయితే పౌచ్‌ని పక్కన పెట్టేయండి. ఒక గంటసేపు ఫోన్‌ని ఉత్తగా చేతిలో పట్టుకుని చూడాలి. యూట్యూబ్‌లో ఎన్ని రివ్యూలు చూసినా అవి ఆ మోడల్ గురించే చెబుతాయి, మీ చేతికొచ్చిన పీసు గురించి చెప్పవు. రివ్యూ చేసిన పీసులో పవర్ బటన్ గట్టిగా ఉండొచ్చు, మీ దాంట్లో లొటలొటలాడొచ్చు. మీ పీసును చూసుకోవాల్సింది మీరే.

ముందు డబ్బా సంగతి

ఆన్‌లైన్‌లో కొంటే డబ్బా చింపకముందే వీడియో మొదలుపెట్టండి. ఇంట్లో ఇంకొకరి ఫోన్ తీసుకుని, పార్సిల్ మీది అడ్రస్ స్లిప్ దగ్గర్నుంచి కొత్త ఫోన్ ఆన్ అయ్యేదాకా మధ్యలో ఆపకుండా తీయాలి. గీత పడి ఉందనో, మూల నొక్కుకుపోయిందనో ఫిర్యాదు చేస్తే అవతలివాళ్లు మొదట అడిగేది ఆ వీడియోనే. ఓపెన్ బాక్స్ డెలివరీ అయితే డెలివరీ బాయ్ మీ ముందే డబ్బా తెరుస్తాడు. అతను తొందరపెడుతున్నాడని ఓటీపీ ముందే చెప్పేయకండి. ఓటీపీ చెప్పారంటే సరుకు బాగుందని ఒప్పుకున్నట్టే.

డబ్బా మీది ఎమ్మార్పీ స్టిక్కర్‌లో తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. అవి ఒకసారి చూసుకోండి. ఫోన్ ఆన్ చేశాక *#06# కొడితే 15 అంకెల ఐఎంఈఐ నంబరు, అంటే ఆ ఫోన్ గుర్తింపు నంబరు, వస్తుంది. అది డబ్బా మీద, బిల్లు మీద ఉన్నదానితో అంకె పొల్లుపోకుండా సరిపోవాలి. టెలికాం శాఖ వారి సంచార్ సాథీ యాప్‌లో ఆ నంబరు కొడితే అది ఏ కంపెనీ, ఏ మోడల్ అన్నది చూపిస్తుంది. ఈ పనికి రెండు నిమిషాలు చాలు, అయినా చాలామంది చేయరు.

ఉత్త చేత్తో పట్టుకుని బరువు చూడండి

షాపులో తాడు కట్టి ఉంచిన డెమో ఫోన్‌ని పట్టుకుని బరువు అంచనా వేయకండి. దాని వెనక అంటించిన సెక్యూరిటీ పరికరం వల్ల బరువు, పట్టు రెండూ మారిపోతాయి. మీ ఫోన్‌నే తీసుకోండి. మీరు రోజూ పట్టుకునే చేత్తో పట్టుకుని, బొటనవేలితో స్క్రీన్ పై మూలను అందుకోవడానికి ప్రయత్నించండి. అందుకోవాలంటే పట్టు వదులు చేయాల్సి వస్తోందా? ఆ క్షణంలోనే ఫోన్లు కిందపడతాయి. పడుకుని ముఖానికి ఎదురుగా పట్టుకుని పది నిమిషాలు ఏదైనా చదవండి. చిటికెన వేలు కింది అంచు మీద నొప్పి పుడితే రేపూ పుడుతుంది, ఎల్లుండీ పుడుతుంది.

గ్రాముల లెక్క మామూలుగా మనం పట్టించుకోం కానీ పట్టించుకోవాలి. ఐఫోన్ 14 ప్రో మ్యాక్స్ స్టీల్ ఫ్రేమ్‌తో 240 గ్రాములుండేది. 2023లో వచ్చిన 15 ప్రో మ్యాక్స్‌కి టైటానియం ఫ్రేమ్ వేసి 221కి దించారు. తేడా 19 గ్రాములే, అయినా రెండూ చెరో చేతిలో పెట్టుకుంటే కళ్లు మూసుకునైనా ఏది ఏదో చెప్పేయొచ్చు. నా లెక్కలో 190 గ్రాముల లోపు ఉంటే తేలిక, 220 దాటితే బరువు. దాని పైన పౌచ్, టెంపర్డ్ గ్లాస్ కలిస్తే ఇంకో ముప్పై నలభై గ్రాములు పెరుగుతుంది, అదీ గుర్తుంచుకోండి.

మొత్తం బరువు కన్నా అది ఎటు మొగ్గుతోందన్నది ముఖ్యం. ఫోన్‌ని అడ్డంగా మధ్యలో చూపుడు వేలి మీద నిలబెట్టి చూడండి, కింద మెత్తటి దిండు ఉండాలి సుమా. పెద్ద కెమెరా ఉన్న ఫోన్లు పైకి వాలిపోతాయి. అలాంటిది ఒంటి చేత్తో టైప్ చేసేటప్పుడు ముందుకు తూలుతూ ఉంటుంది. ఫోన్ అమ్మకో నాన్నగారికో కొన్నదైతే మీ చేతిలో చూసి లాభం లేదు, వాళ్ల చేతికే ఇచ్చి ఫోన్ ఎత్తమనండి, పెట్టేయమనండి.

గోరుతో అతుకులు చూడండి

అన్నిటికన్నా ఎక్కువ సమయం ఇక్కడ పెట్టమంటాను. ఫోన్ నాణ్యత బయటపడేది రెండు ముక్కలు కలిసే చోట. స్క్రీన్ గ్లాస్ ఫ్రేమ్‌తో, ఫ్రేమ్ వెనక ప్యానెల్‌తో, కెమెరా దిమ్మ ప్యానెల్‌తో కలిసే చోట్లు అవి. స్క్రీన్ మీద నుంచి ఫ్రేమ్ వైపు బొటనవేలి గోటిని మెల్లగా జార్చండి. గోరు సాఫీగా దిగిపోవాలి, ఎక్కడా తట్టుకోకూడదు. చిన్న మెట్టులా ఉండడం కొన్ని డిజైన్లలో మామూలే, కానీ ఆ మెట్టు నాలుగు వైపులా ఒకేలా ఉండాలి. ఎడమవైపు గోరు జారిపోయి కుడివైపు తట్టుకుంటోందంటే గ్లాస్ వంకరగా కూర్చుందని అర్థం. అలాంటి చోట మొదటి నెలలోనే మట్టి చేరి నల్లటి గీత కడుతుంది.

తర్వాత ఇంకో ఫోన్ టార్చి వెలిగించి, ఆ వెలుతురు అంచు మీద ఏటవాలుగా పడేలా పట్టుకుని చుట్టూ తిప్పండి. సందు ఉంటే అక్కడ సన్నని నీడ కనిపిస్తుంది. ఆ నీడ ఒకచోట వెడల్పుగా, ఒకచోట సన్నగా ఉంటే ఫొటో తీసి పెట్టుకోండి. వెనక ప్యానెల్‌ని నాలుగు మూలలా, మధ్యలో బొటనవేలితో నొక్కండి. లోపలికి దిగి మళ్లీ పైకి లేస్తే, లేదా టిక్కుమని చప్పుడొస్తే, అక్కడ జిగురు పట్టలేదన్నమాట.

ఫ్రేమ్ మెటలా, ప్లాస్టికా అన్నది పైకి చూసి చెప్పడం ఇప్పుడు కష్టం. ప్లాస్టిక్ మీద మెటల్ రంగు అంత బాగా వేస్తున్నారు. పైన పటారం, లోన లొటారం అన్న మాట ఇక్కడ అక్షరాలా నిజమవుతుంది. దీనికి రెండు గుర్తులున్నాయి. ఏసీ గదిలో అరగంట వదిలేసి పట్టుకుంటే మెటల్ చల్లగా తగులుతుంది, ప్లాస్టిక్ అంత తగలదు. రెండోది, ఫ్రేమ్ పొడవునా వేలు పోనిస్తూ సన్నని అడ్డగీతల కోసం వెతకండి. మెటల్ రేడియో సిగ్నల్‌ని ఆపేస్తుంది కాబట్టి, మెటల్ ఫ్రేమ్‌ని అక్కడక్కడా కోసి ప్లాస్టిక్ పట్టీలు పెడతారు. అవే ఆ గీతలు. గోటికి అవి తగలకూడదు, కంటికి మాత్రమే కనిపించాలి. గోరు వాటిలో ఇరుక్కుంటే ఫినిషింగ్ బాగోలేదనే చెప్పాలి.

ప్లాస్టిక్ అయితే చెత్త ఫోన్ అని మాత్రం అనుకోకండి. మంచి పాలీకార్బనేట్ కిందపడ్డప్పుడు కాస్త వంగి దెబ్బను మింగేస్తుంది, గ్లాస్ ప్యానెల్ అయితే పగులుతుంది. పాతికవేల లోపు ఫోన్‌లో గ్లాస్ బ్యాక్ కన్నా మంచి ప్లాస్టిక్ బ్యాకే నాకిష్టం. వెనక గ్లాస్ పెట్టడానికి అందం ఒక్కటే కారణం కాదు, వైర్‌లెస్ చార్జింగ్ మెటల్ గుండా పోదు. 2017లో ఐఫోన్ 8కి మళ్లీ వెనక గ్లాస్ రావడం ఆ చార్జింగ్ కోసమే. మీ ఫోన్‌లో వైర్‌లెస్ చార్జింగే లేకుండా వెనక గ్లాస్ ఉంటే ఆ గ్లాస్ కేవలం చూపుకే. పగిలితే ఖర్చు మాత్రం మీది.

ఇక వంచి చూడడం. వద్దు. 2014లో ఐఫోన్ 6 ప్లస్ వచ్చినప్పుడు ప్యాంటు జేబులో వంగిపోతోందని పెద్ద గొడవైంది. దాని మందం 7.1 మిల్లీమీటర్లే. మరుసటి ఏడాది 6ఎస్‌కి ఆపిల్ ఇంకా గట్టి రకం అల్యూమినియం, 7000 సిరీస్‌ది, వాడింది. అప్పట్నుంచి ఫోన్లని రెండు చేతులా వంచే వీడియోలు వస్తూనే ఉన్నాయి. అది వాళ్లకు వదిలేయండి. మీరు రెండు చేతులతో అంచులు పట్టుకుని తువ్వాలు పిండినట్టు కొద్దిగా, చాలా కొద్దిగా, మెలితిప్పండి. కిర్రుమంటే ఏదో వదులుగా ఉంది. నిశ్శబ్దంగా ఉంటే చాలు.

బటన్లు, ట్రే, పోర్టు

బటన్ పైభాగం, మధ్య, కింది భాగం, ఎక్కడ నొక్కినా ఒకే రకంగా క్లిక్ అవ్వాలి. వాల్యూమ్ బటన్లు అటూ ఇటూ ఊగకూడదు. చార్జింగ్ పిన్ను పెట్టినప్పుడు చివర్లో గట్టిగా కూర్చున్నట్టు తెలియాలి, పెట్టాక వదులుగా కదిలిపోకూడదు.

సిమ్ ట్రే తీసేటప్పుడు పిన్ను ఏ రంధ్రంలో పెడుతున్నారో ఒకటికి రెండుసార్లు చూడండి. పక్కనే మైక్ రంధ్రం ఉండొచ్చు, అందులో పొడిస్తే మైక్ దెబ్బతిని మీ మాట అవతలివాళ్లకు వినిపించకపోవచ్చు. నీళ్లను తట్టుకుంటుందని చెప్పే ఫోన్ అయితే ట్రే మూతి చుట్టూ సన్నని రబ్బరు పట్టీ కనిపించాలి. అది నలిగి ఉన్నా, ఒకచోట ఊడి ఉన్నా ఆ రేటింగ్‌కి విలువ లేదు.

రేటింగ్ అన్నాం కాబట్టి ఐపీ, అంటే ఫోన్ దుమ్మునీ నీళ్లనీ ఎంత తట్టుకుంటుందో చెప్పే రేటింగ్, సంగతి కూడా చూద్దాం. ఐపీ తర్వాత వచ్చే మొదటి అంకె దుమ్ముకి, రెండోది నీటికి. 6 అంటే దుమ్ము అసలు దూరదు. ఐపీ67 అంటే మీటరు లోతులో 30 నిమిషాలు. ఐపీ68లో లోతు, సమయం కంపెనీయే ప్రకటిస్తుంది, అందుకే అదే ఐపీ68కి ఐఫోన్ 15 మీద 6 మీటర్లని, శామ్‌సంగ్ గెలాక్సీ ఫోన్ల మీద 1.5 మీటర్లని ఉంటుంది. ఐపీ69 అంటే దాదాపు 80 డిగ్రీల వేడి నీళ్లను గట్టి ప్రెషర్‌తో కొట్టినా తట్టుకోవాలి. ఐపీ64 లాంటివి వానజల్లుకి సరిపోతాయి, మునగడానికి కాదు. ఇవన్నీ ల్యాబులో మంచినీళ్లతో చేసే పరీక్షలు. ఉప్పునీళ్లు, సబ్బునీళ్లు, స్విమ్మింగ్ పూల్ క్లోరిన్ వేరే లెక్క. ఆర్కే బీచ్‌లో అలల్లో సెల్ఫీ దిగడానికి ఐపీ68 అనుమతి పత్రం కాదు. నీళ్లు పోయిన ఫోన్‌కి మామూలు వారంటీ వర్తించదని వారంటీ కార్డులోనే రాసి ఉంటుంది, చదవండి. కాబట్టి బకెట్లో ముంచి పరీక్షించే పని పెట్టుకోకండి.

స్క్రీన్

ఫ్యాక్టరీలో అంటించిన పల్చటి ఫిల్మ్ ఉంటే ముందు అది ఉందని గుర్తుపట్టండి. చాలామంది దాని మీది గీతని గ్లాస్ మీద గీత అనుకుని కంగారుపడతారు. రాత్రి లైట్లార్పి, బ్రైట్‌నెస్ బాగా తగ్గించి, స్క్రీన్ నిండా బూడిద రంగు బొమ్మ పెట్టండి. అమోలెడ్ (ప్రతి చుక్కా తనంతట తానే వెలిగే రకం స్క్రీన్) అయితే ఒక పక్క ఆకుపచ్చగానో గులాబీగానో రంగు మారుతోందా చూడండి. ఎల్‌సీడీ (వెనక నుంచి లైటు వెలిగే రకం) అయితే నల్ల బొమ్మ పెట్టి అంచుల్లో వెలుతురు కారుతోందా చూడండి. తర్వాత తెల్ల బొమ్మ మీద చచ్చిన పిక్సెల్స్, అంటే నల్లచుక్కలు, వెతకండి. శామ్‌సంగ్‌లో *#0*#, షావోమీలో *#*#6484#*#* కొడితే ఈ రంగుల పరీక్షలన్నీ ఫోన్‌లోనే తెరుచుకుంటాయి. స్క్రీన్ చుట్టూ నల్ల అంచు మూడు వైపులా సమానంగా, కింద కాస్త వెడల్పుగా ఉండడం మామూలే. కుడి, ఎడమ తేడా ఉంటేనే తప్పు.

గ్లాస్ గట్టిదనం గురించి అపోహలు ఎక్కువ, అందుకే కాస్త వివరంగా చెబుతాను. ఫోన్ గ్లాస్‌ని సుమారు 400 డిగ్రీల దగ్గర కరిగిన పొటాషియం ఉప్పులో ముంచుతారు. గ్లాస్ పైపొరలోని చిన్న సోడియం అయాన్లు బయటికొచ్చి, వాటి స్థానంలో పెద్దవైన పొటాషియం అయాన్లు దూరతాయి. చోటు సరిపోక ఒకదాన్నొకటి గట్టిగా నొక్కుకుంటాయి, ఆ ఒత్తిడే గ్లాస్‌కి బలం. గొరిల్లా గ్లాస్ లాంటివన్నీ ఈ పద్ధతిలో తయారైనవే. దీనివల్ల కిందపడితే పగిలే ప్రమాదం తగ్గుతుంది, అంతేగానీ గీతలు పడకుండా పోదు. ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోహ్స్ కొలమానంలో ఫోన్ గ్లాస్ మీద మామూలుగా 6 దగ్గర గీతలు మొదలై 7 దగ్గర లోతవుతాయి. తాళంచెవుల స్టీలు దానికన్నా మెత్తన. ఇసుకలోని క్వార్ట్జ్ మాత్రం సరిగ్గా 7. అంటే జేబులో తాళంచెవులు పెద్ద ముప్పు కాదు, జేబు మూలలో పేరుకున్న ఇసుక నలుసులు ముప్పు. షోరూమ్‌లో తాళంచెవితో గీసి చూపించి "చూశారా, ఒక్క గీత పడలేదు" అంటే ఆ మాటకి పడిపోకండి. కొత్త ఫోన్‌ని ఇసుక ఉన్న బల్ల మీద పెట్టకండి, అరుగు మీద పెట్టకండి. కెమెరా దిమ్మ ఎత్తుగా ఉన్న ఫోన్ వెల్లకిలా పెడితే కింద తగిలేది లెన్స్ చుట్టూ ఉన్న రింగే కాబట్టి ఆ రింగ్ లెన్స్ గ్లాస్ కన్నా ఎత్తుగా ఉందో లేదో గోటితో చూసుకోండి.

చెవి దగ్గర పెట్టి ఊపండి

మెల్లగా ఊపితే కెమెరా దగ్గర టకటకమని చిన్న చప్పుడు వస్తే వెంటనే టెన్షన్ పడకండి. కెమెరాలో ఓఐఎస్ ఉంటే, అంటే చెయ్యి వణికినా ఫొటో చెదరకుండా లెన్స్‌ని కదిపే ఏర్పాటు ఉంటే, ఆ లెన్స్ లోపల వదులుగా తేలుతూ ఉంటుంది. కెమెరా యాప్ తెరిచి మళ్లీ ఊపండి. చప్పుడు ఆగిపోతే అది ఓఐఎస్సే, లోపం కాదు. కెమెరా తెరిచినా చప్పుడు వస్తూనే ఉంటే అది వేరే ఏదో వదులైన ముక్క.

ఇది తెలిస్తే ఇంకో జాగ్రత్త కూడా అర్థమవుతుంది. ఇంత సున్నితంగా తేలే లెన్స్‌ని బైక్ హ్యాండిల్‌కి బిగించి మ్యాప్ చూసుకుంటూ తిరిగితే ఏమవుతుంది? బలమైన మోటార్‌సైకిల్ ఇంజిన్ల అదురు కెమెరాని పాడుచేయొచ్చని 2021లో ఆపిల్ తన వినియోగదారులకు రాతపూర్వకంగానే చెప్పింది. డెలివరీ పని చేసేవాళ్లు ఓఐఎస్ లేని పాత ఫోన్‌ని మౌంట్‌కి వాడుకుంటే మంచిది.

రింగ్‌టోన్ ఫుల్ వాల్యూమ్‌లో పెట్టి వెనక ప్యానెల్ మీద అరచెయ్యి ఆనించండి. కాస్త అదరడం మామూలే, గరగరమంటే కాదు. తర్వాత కీబోర్డులో వైబ్రేషన్ ఆన్ చేసి తెలుగులో నాలుగు లైన్లు టైప్ చేయండి. మంచి మోటారు అక్షరానికో చిన్న దెబ్బ వేసి ఆగిపోతుంది. చవక మోటారు జుయ్యిమంటూ తర్వాతి అక్షరం దాకా సాగుతుంది. దాన్ని మార్చే వీలు లేదు, సెట్టింగ్స్‌లో ఆపేసుకోవడమే.

వేడి

మొదటి రోజు ఫోన్ వేడెక్కితే తీర్పు చెప్పకండి. యాప్‌లన్నీ దిగుతుంటాయి, ఫొటోలు కాపీ అవుతుంటాయి. అదంతా అయ్యాక, రెండో రోజు, చార్జింగ్ తీసేసి పది పదిహేను నిమిషాలు వీడియో రికార్డు చేయండి. వెనక వేడి కెమెరా చుట్టూ మొదలై మెల్లగా పరుచుకోవడం సహజం. ఒకేచోట వేలు పెట్టలేనంత కాలితే సర్వీస్ సెంటర్‌లో చెప్పాలి. మెటల్ ఫ్రేమ్ వేడిని త్వరగా చేతికి చేరవేస్తుంది, ప్లాస్టిక్ దాచేస్తుంది, కాబట్టి ఎక్కువ వేడి తగిలిన ఫోనే ఎక్కువ వేడెక్కిందని అనుకోనక్కర్లేదు. ఐఫోన్లని 0 నుంచి 35 డిగ్రీల వాతావరణంలో వాడమని ఆపిల్ చెబుతుంది. మన ఎండాకాలం మధ్యాహ్నం 40 దాటుతుంది. మే నెలలో ఎండలో ఏ ఫోన్ స్క్రీన్ అయినా తనంతట తానే మసకబారితే, అది లోపం కాదు, తనను తాను కాపాడుకోవడం.

లోపం కనబడితే

ఉంచుకోవాలా, మార్చుకోవాలా అన్నది గడువు లోపలే తేల్చేయాలి. ఆన్‌లైన్‌లో ఫోన్లకి ఎక్కువగా 7 రోజులే ఉంటుంది. మీ ఆర్డర్ పేజీలో ఎన్ని రోజులని ఉందో చూసుకోండి. అతుకు తేడా, స్క్రీన్ రంగు తేడా, ఊగే బటన్, లోపల వదులైన ముక్క, ఈ నాలుగిట్లో ఏది ఉన్నా నేనైతే మార్చమనే అడుగుతాను, "వాడుతుంటే సర్దుకుంటుంది" అన్న మాట వినను. వైబ్రేషన్ నచ్చకపోవడం, బరువు నచ్చకపోవడం లోపాలు కావు కాబట్టి వాటికి మార్చరు. సర్వీస్ సెంటర్‌కి వెళ్తే నోటిమాటతో తిరిగి రాకండి, లోపం ఏమిటో రాసిన జాబ్ షీట్ తీసుకోండి. ఫొటోలు, వీడియో, బిల్లు, జాబ్ షీట్ ఉండి కూడా తిప్పుతుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి.

అంతా బాగుంటే ఇప్పుడు పౌచ్ వేయండి. స్క్రీన్ అంచు కన్నా, కెమెరా దిమ్మ కన్నా పౌచ్ అంచు కాస్త ఎత్తుగా ఉండేది, మూలల్లో మందంగా ఉండేది చూసుకోండి. కర్వ్‌డ్ స్క్రీన్‌కి (అంచులు వంగిన స్క్రీన్‌కి) యూవీ లైటుతో గట్టిపడే జిగురుతో గ్లాస్ వేయిస్తుంటే ఆ జిగురు పైనున్న స్పీకర్ జాలీలోకి, బటన్ల సందుల్లోకి దిగకుండా ముందు టేపు వేయమని అడగండి. రెండు వారాలకోసారి పౌచ్ తీసి దులపాలి, ఎందుకంటే పౌచ్‌కీ ఫోన్‌కీ మధ్య చేరిన ఇసుక వెనక ప్యానెల్‌ని గీరుతూనే ఉంటుంది. మెత్తటి బట్ట కొద్దిగా తడిపి, రుద్దకుండా, ముందు నలుసుల్ని ఊది పారేసి ఆ తర్వాతే తుడవండి.